ఎర్త్ గుంటలో రెండు బిందెలు

ఉదయం ఆరూ పదికి మేస్త్రీ ఎర్త్ గుంటలో రెండో బిందె కుమ్మరించాడు. ఆరూ పన్నెండుకు త్రీఫేజ్ కరెంటు వచ్చి బోరు మోటార్లు తిరిగాయి. ఆరూ పదమూడుకు కంట్రోల్ రూములో తెర మీద నాలుగో బోరు అంకె పోయి, దాని చోట గీతలు వచ్చాయి. కాసేపటికి ఐదోదీ, ఆరోదీ పోయాయి. తొమ్మిదింటికి మోటార్లు ఆగాక మూడు అంకెలూ వాటంతటవే తిరిగి వచ్చాయి. అప్పటికి పన్నెండు రోజులుగా రోజూ ఇదే జరుగుతోంది.

ఇది తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం, ఉదయగిరిలో. మేస్త్రీ ఇప్పుడు లేడు. ఆయన పోయిన పదకొండో రోజున సంతాపసభ పెట్టి నన్నూ పిలిచారు. వెలుగులు పంచిన మహనీయుడన్నారు. ఆయన చేతిలో విద్యుత్తు నాట్యమాడేదన్నారు. ఆ మాట అన్న పెద్దమనిషి పర్మినెంటు జాబితాలోంచి మేస్త్రీ పేరు కొట్టేసిన కాగితాన్ని తన చేత్తోనే టైపు చేశాడు. ఆయన మాట్లాడినంతసేపూ మైకు గుర్రుమంటూనే ఉంది. మైకు తీగ మీది అల్లిక ఎక్కడో రెండు చోట్ల భూమికి తగులుతూ ఉండాలి. ఆ సంగతి కనిపెట్టగలవాడు క్రైస్తవ మిషన్ వాళ్ళ సమాధుల దొడ్లో ఉన్నాడు. నేనూ కనిపెట్టాను గానీ లేచి చెప్పలేదు. లేచి చెప్పకపోవడం నాకు అప్పటికే అలవాటు. ఆ అలవాటు ఎప్పుడు మొదలైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నీళ్ళ పథకంలో ఆరు బోర్లు ఉండేవి. కొండ కింద ఊరి చివర నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా, కిలోమీటరుకు కొంచెం తక్కువ దూరంలో అన్నీ అయిపోయేవి. నీళ్ళన్నీ ఒక తొట్టిలోకి చేరి, అక్కణ్ణుంచి ఊరి ట్యాంకుకు ఎక్కేవి. మేస్త్రీ పదకొండేళ్ళుగా అక్కడ తాత్కాలికపు పని చేస్తున్నాడు. వైరింగ్, మోటార్లు, స్టార్టర్లు అన్నీ ఆయనే చూసేవాడు. గంటకోసారి సైకిలు మీద ఆరు బోర్లూ తిరిగి, మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో పుస్తకంలో రాసేవాడు.

ఆ సైకిలు తిరుగుడు మాన్పించడానికి మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చింది. ప్రతి బోరు దగ్గరా ఒక బూడిదరంగు డబ్బా పెట్టారు. ఆరు డబ్బాలనూ కలుపుతూ ఒకే కేబులు వేసి కంట్రోల్ రూములో తెర దగ్గరికి తెచ్చారు. ఆ డబ్బాలు బిగించి, తెరను చూసుకోవడానికి ఆత్మకూరు నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ డిప్లొమా వాణ్ణి, నన్ను ప్రొబేషన్ మీద వేసుకున్నారు. నాకు అప్పుడు ఇరవయ్యారేళ్ళు. డిప్లొమాలో వచ్చిన మార్కులు ఎవరూ అడగకుండానే చెప్పే వయసు.

ఆ కేబులు సంగతి కాస్త చెప్పాలి. లోపల రెండే తీగలు, జడలాగా మెలిపెట్టినవి. మాట, అంటే డబ్బా పంపే సంకేతం, రెండు తీగల మీదా పోతుంది, కానీ ఒకదాని మీద పైకి లేస్తే రెండోదాని మీద కిందికి దిగుతుంది. అవతల చదివేది ఆ రెంటి మధ్య తేడాను. దారిలో మోటారు నుంచో మెరుపు నుంచో ఏదైనా అల్లరి వచ్చి తగిలితే మెలిక వల్ల రెండు తీగలకూ సమంగా తగులుతుంది, తేడా మారదు. ఈ తీగల పైన రాగి అల్లిక ఒకటి ఉంటుంది. అది బయటి అల్లరిని లోపలికి రానివ్వని తొడుగు. దాన్నే షీల్డు అంటారు. ఇక డబ్బాలకు నంబర్లు ఉంటాయి. కంట్రోల్ రూము ఒక నంబరు పిలుస్తుంది. ఆ నంబరు డబ్బా ఒక్కటే పలుకుతుంది, మిగిలినవి నోరు మూసుకుని ఉంటాయి. ఆ పాటి క్రమశిక్షణ నేను ఏ సంతాపసభలోనూ చూడలేదు.

కేబులు వేసేటప్పుడు మేస్త్రీకీ నాకూ మొదటి తగాదా.

"నడిమధ్యలో ఒక జంక్షన్ డబ్బా పెట్టి ఆడ్నించి ఆరింటికీ లాగితే పోయేదానికి, ఈ చివర్నించి ఆ చివరకి పాములాగా తిప్పతావేందిరా అబ్బయా?"

"ఇది ఇంటి వైరింగు కాదు మేస్త్రీ. కొమ్మలు పెడితే మాట కొమ్మ చివరిదాకా పోయి, తట్టుకుని వెనక్కి వస్తుంది. ముందొచ్చే మాటా వెనక్కొచ్చే మాటా కలిసిపోతాయి."

"మరి నీ పాముకి తోక లేదా? ఆడ తట్టుకోదా?"

"అందుకే రెండు చివర్లా ఒక్కో రెసిస్టరు పెడతాం. అక్కడిదాకా వచ్చిన మాటను అది మింగేస్తుంది. దాన్ని టెర్మినేషన్ అంటారు."

"ఆరింటికీ పెట్టరాదా అయితే? మంచిదే గదా."

"ఆరు పెడితే మాట బయల్దేరకముందే నీరసపడిపోతుంది. చివర్లకు మాత్రమే."

ఆయన కేబులు వంక చూసి, "సరే, చివరోళ్ళు ఇద్దరికీ నోట్లో గుడ్డ కుక్కాలన్నమాట," అన్నాడు. నేను నవ్వాను. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడికి పాఠం చెప్పానని రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. పాఠం సరైనదే. దాన్ని చెప్పిన గొంతు మాత్రం ఇప్పుడు గుర్తొస్తే వినబుద్ధి కాదు.

మేస్త్రీ నాకు చెప్పిన పాఠం ఒక్కటే. "ఇనుము కనపడితే ఎర్త్ ఇయ్యి. ఆలోచన చెయ్యబాక." ఆయన కుర్రతనంలో ఒక రైతు బోరు దగ్గర మోటారు లీకై, పైపుకు ఆనుకుని నిలబడిన గేదె ఆయన చూస్తుండగానే పడిపోయిందట. అది మనిషైతే, అనేవాడు గానీ ఆ మాట ముగించేవాడు కాదు. అంతటితో ఆపి వేరే పని చూసుకునేవాడు. మా నేల చూస్తే, ఎండాకాలం మూడడుగుల లోతున కూడా తడి ఉండదు. ఎండిన మట్టిలోకి కరెంటు దిగదు, ఎర్త్ రాడ్డు ఉన్నా లేనట్టే. అందుకే కంట్రోల్ రూము పక్కన ఉప్పూ బొగ్గూ వేసి పాతిన గుంటలో ఆయన రోజూ పొద్దున రెండు బిందెలు పోసేవాడు. ఆదివారం ప్రార్థనకు పోయే తెల్లచొక్కాతోనే వచ్చి పోసిపోయేవాడు. ఆఫీసు గుమాస్తా దానికి అభిషేకం అని పేరు పెట్టాడు. బాప్టిస్టు మనిషి చేత అభిషేకం చేయించడం తన తెలివి అని మురిసిపోయి, వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఊళ్ళో మూడు రోజులకోసారి నీళ్ళు వదిలే రోజులవి. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమయ్యో మేస్త్రీ, మాకు తాగేదానికి లేవు, నువ్వు గుంటకి తాపతా ఉండావే! నీకేమన్నా చుట్టమా అది?"

"చుట్టమే. నీకు కూడా."

"నాకేం చుట్టం?"

"ఆ గుంట తాగకపోతే నువ్వు పోతావు. చాల్లే, జరుగు."

నాలుగో బోరు పక్కన గిన్నెలు తోముకునే అవ్వ ఒకామె అంతకు ముందు నెలలో నాతోనే రెండుసార్లు చెప్పింది. "నాయనా, ఆ పైపు ముట్టుకుంటే చీమలు కుట్టినట్టు ఉండాది." నేను తెర దగ్గరికి పోయి నాలుగో బోరు అంకె చూశాను. కరెంటు మామూలుగానే ఉంది. "ఏం లేదు అవ్వా, తడిచేతుల వల్ల అట్లా అనిపిస్తుంది," అని చెప్పాను. చదువుకున్నవాళ్ళు ఎంత తేలిగ్గా అబద్ధం చెబుతారో, అదీ అబద్ధమని తెలియకుండా, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

అంకెలు పోవడం మొదలైన పదమూడో రోజున మద్రాసు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఆ ఎండలో టై కట్టుకున్నాడు. రాత్రి లాడ్జిలో ఉండి, పొద్దున ఆరింటికి ముందే కంట్రోల్ రూముకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మేస్త్రీ బిందె ఎత్తాడు, పోశాడు. మోటార్లు తిరిగాయి. అంకెలు పోయాయి. ఇంజనీరు లేచి నిలబడ్డాడు.

"ఏం పోస్తున్నారు అక్కడ?"

"నీళ్ళు సార్."

"ఎందుకు?"

"ఎర్తుకి సార్."

"రోజూ పోస్తారా? ఇదే టైమ్‌కి?"

"రోజూ సార్. పదకొండేళ్ళ నించి."

ఇంజనీరు చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఏ బోరు దగ్గరికీ పోలేదు. ఏ డబ్బా మూతా తీయలేదు. పదిన్నర బస్సుకు వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకు ఆత్మకూరు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సిగ్నలు పోవడానికీ మేస్త్రీ నీళ్ళు పోయడానికీ సంబంధం ఉందనీ, యంత్రం వస్తే తన పని పోతుందన్న భయంతో అతను కావాలని చెడగొడుతున్నట్టు అనుమానమనీ కంపెనీ రాసిందట. గురువారం పదకొండింటికి వచ్చి సంజాయిషీ ఇవ్వాలి. అప్పటిదాకా గుంటలో నీళ్ళు పోయరాదు. ఆయన పేరు అప్పుడు పర్మినెంటు చేసే జాబితాలో ఉంది. పదకొండేళ్ళకు మొదటిసారి జాబితాలోకి ఎక్కిన పేరు.

నేను చదివి వినిపించాను. ఆయన ఇంగ్లీషు కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూశాడు.

"నేను యంత్రాన్ని చెడగొడితే, అది రోజూ తొమ్మిదింటికి ఎట్టా బాగవతా ఉండాదంట? అది కూడా నేనే చేస్తా ఉండానా?"

ఆ ప్రశ్న ఇంజనీరుకు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. ఆ రాత్రి కంపెనీ ఇచ్చిన మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను. ఎనభై పేజీలు. వేసేటప్పుడు నేను చదివింది ఇరవై. ముప్పై నాలుగో పేజీలో రెండు లైన్లు ఉన్నాయి. షీల్డును ఒకే ఒక చివర ఎర్త్ చేయవలెను. రెండు చోట్ల చేసినచో రెండు ఎర్తుల మధ్య తేడా వల్ల షీల్డులో కరెంటు ప్రవహించి సంకేతం చెడును.

డ్రాయింగు తీసి చూశాను. నాలుగు రంగుల్లో వేసిన డ్రాయింగు. అందులో కేబులు షీల్డుకు ఎర్త్ గుర్తు ఒకే చోట ఉంది, కంట్రోల్ రూము దగ్గర. డబ్బాలు బిగించేటప్పుడు నేను దాన్ని చూశాను. చూసి, గీసినవాడు మిగతావి పెట్టడం మరిచిపోయాడనుకున్నాను. ఆరు డబ్బాల్లోనూ ఆ రాగి అల్లికను మెలిపెట్టి, కొసకు లగ్గు అనే రాగి ఉంగరం వేసి, ఎర్త్ బోల్టుకు బిగించాను. ఇనుము కనపడితే ఎర్త్ ఇయ్యి. గట్టిగా బిగించాను కూడా, మేస్త్రీ చూసి మెచ్చుకోవాలని.

మద్రాసులో చదువుకున్నవాడైతే డ్రాయింగులో ఉన్నట్టు చేసి ఊరుకునేవాడు. ఈ తప్పు చేయాలంటే ఎండిన నేల మీద, అలాంటి మేస్త్రీ కింద పని నేర్చుకుని ఉండాలి.

తెల్లవారుజామునే ఆయన ఇంటికి పోయి చెప్పాను. మెచ్చుకోలేదు, తిట్టలేదు. నమ్మలేదు.

"అంటే ఏంది నువ్వు అనేది? ఎర్త్ ఇయ్యడం తప్పా?"

"దీనికి తప్పు మేస్త్రీ. ఒక్క చోటే ఇవ్వాలి."

"పుస్తకంలో ఉండాదా?"

"ఉంది."

"పుస్తకం రాసినోడు ఉదయగిరి చూసినాడా?" అని చొక్కా వేసుకున్నాడు. "పద, చూద్దాం."

ఆయన దగ్గర మీటరు లేదు. నా దగ్గర ఉన్నది ఆఫీసు బీరువాలో ఉంది. ఆయన సంచిలోంచి రెండు తీగలు అతికించిన టార్చిలైటు బల్బు తీశాడు. కరెంటు తీగలు తప్పించడానికి గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర చేయించుకున్న చెక్క కొక్కెం ఒకటి తీశాడు. వద్దన్నా వినకుండా గుంటలో రెండు బిందెలు పోశాడు. మోటార్లు తిరిగాక ఒకటో డబ్బా నుంచి మొదలుపెట్టాం. షీల్డును బోల్టు నుంచి విప్పి, ఆ రెంటి మధ్య బల్బు పెట్టాలి. షీల్డులో కరెంటు పారుతుంటే బల్బు వెలుగుతుంది. ఒకటి, రెండు, మూడు దగ్గర వెలగలేదు. నాలుగో బోరు దగ్గర చెక్క కొక్కెంతో లగ్గు పక్కకు లాగినప్పుడు చిన్న నిప్పురవ్వ కనిపించింది. బల్బు పెట్టగానే పట్టపగలు తెల్లగా వెలిగింది.

నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. దొరికిందనుకున్నాను. "ఇదే మేస్త్రీ! ఆరు చోట్లా విప్పేద్దాం, అంకెలు నిలబడతాయి," అని స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"దీంట్లో కరెంటు యాడ్నించి వస్తా ఉండాది?"

"మోటారు లీకు అవుతున్నట్టుంది."

"అది ఇన్నాళ్ళూ యాడికి పోతా ఉండింది?"

"షీల్డు మీదుగా... కంట్రోల్ రూము గుంటలోకి."

"ఈ బోరు కాడ మన్ను ఎండిపోయుండాది. నా గుంట తడిగా ఉండాది. అందుకని నీ తీగ పట్టుకుని ఈడ్నించి ఆడికి నడిచి పోతా ఉండాది. ఇప్పుడు నువ్వు దీన్ని ఇప్పేస్తే యాడికి పోతాది?"

స్క్రూడ్రైవరు కిందికి దించాను. గిన్నెలు తోమే అవ్వ అప్పుడే తట్టతో వస్తోంది.

"అవ్వా, ఆడ్నే నిలబడు! రాబాక!" అని అరిచాడు. నా వైపు తిరిగి, "ఆమెలోకి పోతాది. ముందు మోటారు ఆపు. నీ అంకెలు మల్ల చూసుకుందువు," అన్నాడు.

నేను పరుగెత్తి ఆపాను. ఆ పరుగులో నాకు మూడు విషయాలు ఒకేసారి అర్థమయ్యాయి. ఆ అవ్వ చెప్పింది నిజం. అంకెలు పోవడానికి కారణం నా ఆరు బోల్టులు. ఆమె ఇంకా బతికి ఉండటానికి కారణం కూడా ఆ బోల్టుల్లో నాలుగోది, దాని అవతలి చివర ఆయన పోసే రెండు బిందెలు. ఆఫీసు కాగితం మాట విని నీళ్ళు మానేసి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ కాగితం మీద మూడు సంతకాలు ఉన్నాయి.

నలుగురు మనుషులను పిలిచి చైన్‌పుల్లీతో నాలుగో బోరు పైపులు పైకి లాగాం. బోరు కేసింగు గొట్టం అంచు ఒరుసుకుని ఒకచోట మోటారు కేబులు పైతోలు కొద్దికొద్దిగా అరిగి, అంకెలు పోయిన నాటికి పూర్తిగా పోయినట్టుంది. మేస్త్రీ దాన్ని కోసి, అతికి, రబ్బరు టేపు చుట్టి, మళ్ళీ దింపించాడు. సాయంత్రం ఆయన చూస్తుండగా నేను కంట్రోల్ రూము దగ్గరి ఎర్త్ ఒక్కటే ఉంచి, ఆరు డబ్బాల్లో షీల్డులు విప్పి, కొసలకు టేపు చుట్టాను. మరుసటి పొద్దున ఆయన ఆరూ పదికి రెండో బిందె పోశాడు. ఆరూ పన్నెండుకు మోటార్లు తిరిగాయి. ఆరు అంకెలూ తొమ్మిదిదాకా కదలకుండా నిలబడ్డాయి. మేస్త్రీ తెర ముందు నిలబడి చాయ్ తాగి, "పిలుపుకి కూత కుదిరింది," అని గ్లాసు కడగడానికి పోయాడు.

గురువారం ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం. దారిపొడవునా నేను ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. తప్పు నాది, డ్రాయింగు నేను చూసీ లెక్కచేయలేదు, మేస్త్రీ లీకు పట్టుకున్నాడు, ఆయన నీళ్ళు పోయకపోతే ప్రాణం పోయేది. నాలుగు వాక్యాలు. ఆత్మకూరు బస్టాండులో దిగేసరికి కంఠతా వచ్చేశాయి.

ఆఫీసులో ఫ్యాను కింద ఆఫీసరు, పక్కన టై ఇంజనీరు, గోడ వారగా టైపు గుమాస్తా. అంకెలు ఇప్పుడు నిలబడుతున్నాయని ఆఫీసరుకు అప్పటికే తెలుసు. ఆయనకు సంతోషంగా ఏమీ లేదు. యంత్రం బాగుపడినా కాగితం బాగుపడలేదు. షీల్డు డ్రాయింగుకు విరుద్ధంగా కట్టారు కాబట్టి పూచీ తమది కాదని కంపెనీ కొత్తగా రాసింది. అంటే ఆ ఇంజనీరు నేను విప్పేశాక, షీల్డులు విప్పితే అంకెలు నిలబడ్డాయని నేను రాసి పంపిన రెండు లైన్ల నివేదిక చదివి, తన మొదటి ఉత్తరం మరిచిపోయి, రెండో ఉత్తరం రాశాడు. అందులో నీళ్ళ మాటే లేదు. కావాలని చెడగొట్టాడన్న మాట వెనక్కి తీసుకున్నట్టూ లేదు.

"షీల్డు అన్ని చోట్లా కట్టిందెవరు?" అన్నాడు ఆఫీసరు.

నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకా రెండు నెలలుంది. కూర్చుకున్న నాలుగు వాక్యాలూ గొంతులోనే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. గుమాస్తా టైపు మిషన్లో కాగితం ఎక్కించి నా వైపు చూస్తున్నాడు. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. ఎంత తక్కువసేపని చెప్పుకున్నా, మేస్త్రీ మాట్లాడటానికి సరిపడినంత సేపు.

"కట్టమని చెప్పినోణ్ణి నేనే సార్."

"నువ్వా? డ్రాయింగులో లేదు కదా?"

"నాకు డ్రాయింగు చదవను రాదు సార్. ఇనుము కనపడితే ఎర్త్ ఇయ్యమని నేనే చెప్పినాను. ఈ అబ్బాయికే గాదు, అందరికీ చెప్తాను. రేపు కూడా చెప్తాను."

ఇంజనీరు నవ్వాడు. ఆఫీసరు నన్ను అడిగాడు, "అంతేనా?"

"అవును సార్," అన్నాను.

ఆ రోజు మొత్తంలో నేను ఆ గదిలో మాట్లాడినవి ఆ రెండు మాటలు. లీకు గురించి మేస్త్రీ చెప్పబోతే, అది వేరే విషయం, దాన్ని వేరే కాగితంలో రాసివ్వమన్నారు. గుమాస్తా మిషను టకటకలాడించాడు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు. చాలా దూరం వచ్చాక నా వైపు చూడకుండా అడిగాడు.

"ఏంరా అబ్బయా. ఆడ నోట్లో ఏం పెట్టుకోనుంటివి? చివరోళ్ళకి పెట్టే రెసిస్టరా?"

"రేపు పోయి చెప్తాను మేస్త్రీ."

"ఏం చెప్తావు? చెప్పేదానికి ఒక టైమ్ ఉండాది గదా, నువ్వే చెప్పినావు. ఒకడు పిలిచినప్పుడు ఆ నంబరోడే పలకాల. పలకకపోతే గీతలు పడతాయి. మల్ల పలికితే ఎవడికి కావాల?" కొన్ని కాయలు నా చేతిలో పోశాడు. "తిను. ఆకలైతా ఉంటాది."

కోపం లేదు. అది నాకు ఇంకా కష్టమైంది. ఆయన అంత మంచివాడని చెప్పడం లేదు. నన్ను లెక్కలోంచి తీసేశాడని చెబుతున్నాను.

రేపు పోయి చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు. జాబితా వచ్చింది, అందులో ఆయన పేరు లేదు. ఆ నెలాఖరుకు పనిలోంచి కూడా తీసేశారు. నన్ను పర్మినెంటు చేశారు. ఇది నేను ఎవరి దగ్గరా దాచలేదు, కానీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దానికి తెలుగులో గౌరవమైన పేర్లు కొన్ని ఉన్నాయి, సందర్భం, పరిస్థితి, సర్దుబాటు. పుస్తకాలు చదివేవాడికి అలాంటి పేర్లు వెతుక్కోవడం కష్టం కాదు. నేను చాలా పుస్తకాలు చదివాను.

మేస్త్రీ బస్టాండు రోడ్డులో మోటారు వైండింగు షాపు పెట్టుకున్నాడు. షాపుకు పోయే దారిలో మా గేటు దగ్గర సైకిలు ఆపి, వాచ్‌మన్ తలుపు తీస్తే లోపలికి వచ్చి, గుంటలో రెండు బిందెలు పోసి వెళ్ళేవాడు. కంట్రోల్ రూములోకి రాలేదు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. మొదటి వారంలో ఒకసారి బయటికి వెళ్ళి, "నేను పోస్తాను మేస్త్రీ, మీకెందుకు శ్రమ," అన్నాను.

"నువ్వు మరిచిపోతావు," అన్నాడు.

పోయేదాకా నాలుగేళ్ళు అలాగే పోశాడు. జ్వరం వచ్చిన రోజుల్లో కొడుకును పంపేవాడు. వానలు పడ్డ వారాల్లో వచ్చి, గుంటలో చెయ్యి పెట్టి చూసి, పోయకుండా వెళ్ళేవాడు. నాలుగో బోరు దగ్గర అవ్వ చనిపోయింది, వయసు మీద పడి, తన మంచం మీద. ఆమె మనవరాలు అక్కడే గిన్నెలు తోముకుంటోంది. ఆమెకు ఈ కథేమీ తెలియదు.

సంతాపసభలో చివరగా నన్ను మాట్లాడమన్నారు. మైకు గుర్రుమంటోంది. ఆత్మకూరు టైపు గుమాస్తా తన నాట్యం మాట చెప్పి అప్పుడే కూర్చున్నాడు, ముందు వరసలో మేస్త్రీ కొడుకు ఉన్నాడు. నాలుగు వాక్యాలూ నాకింకా కంఠతా ఉన్నాయి. ఈసారి చెప్పాను. షీల్డు కట్టింది నేను. డ్రాయింగు చూసీ లెక్కచేయలేదు. లీకు పట్టింది మేస్త్రీ. ఆయన నీళ్ళు పోయకపోతే ప్రాణం పోయేది. సభ అయ్యాక ఒకరిద్దరు వచ్చి బాగా మాట్లాడానని చెయ్యి కలిపారు. షీల్డు అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. కొడుకు మాత్రం దగ్గరికి వచ్చి, "మా నాయన ఇంట్లో ఎప్పుడో చెప్పినాడులే సార్," అని కుర్చీలు ఎత్తడానికి పోయాడు.

మరుసటి రోజు ఆరూ పదికి నేను బిందె పట్టుకుని గుంట దగ్గరికి వెళ్ళాను. కొంతకాలం పోశాను. తర్వాత ఆత్మకూరుకు బదిలీ అడిగి తెచ్చుకున్నాను. నా తర్వాత వచ్చినతనికి చెప్పి, గోడ మీద రాసి వచ్చాను. కిందటిసారి పనిమీద ఉదయగిరి పోయినప్పుడు చూస్తే గోడకు కొత్త సున్నం వేశారు. గుంట మీద బండ పరిచి, దాని మీద స్కూటరు పెట్టుకున్నారు. ఆ గుంటలో ఇప్పుడు నీళ్ళు పోయడం లేదు.